కార్జంలో పుట్టి కపాలం చేరే వ్యాధి

వ్యాధి కనిపించిన చోటనే పుట్టిందని తలచడం సహజం. కాని శరీరశాస్త్రం ఈ నమ్మకాన్ని పలుమార్లు సవరిస్తుంది. ముక్కునుండి రక్తం కారడం, ఒకే వస్తువు రెండుగా కనిపించడం, చెంప మొద్దుబారడం వంటి లక్షణాలకు మూలం బహు అరుదుగా కాలేయంలో ఉండవచ్చు. తెలుగులో కార్జమనీ, ఉర్దూలో జిగర్ అనీ మనం పిలుచుకొనే అవయవమే అది. మేము భాషాబోధకులమైనా, విద్యార్థులు తెలుసుకోదగిన విషయమని భావించి దీనిని సంగ్రహంగా వివరిస్తున్నాము.

కాలేయ కణాలలో పుట్టిన క్యాన్సరు సాధారణంగా ఊపిరితిత్తులకు, లింఫు గ్రంథులకు, ఎముకలకు పాకుతుంది. ముఖంలోని ఎముకల నడుమ గాలి నిండిన గూళ్లున్నాయి, వాటినే సైనస్‌లంటారు. వాటికి వెనుకగా, మెదడుకు పీఠంవలె అమరిన ఎముకల భాగమే పుర్రె అడుగుభాగం. ఊపిరితిత్తులలో జాడ లేకుండానే క్యాన్సరు కొందరిలో ఇంత దూరం ఎట్లా వస్తుంది? వెన్నెముక వెంట తలవరకు సాగే సిరల పాత్రను బాట్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1940లో వివరించాడు. ఆ సిరలలో కవాటాలు లేవు. దగ్గినపుడు, ముక్కినపుడు కడుపులో ఒత్తిడి పెరిగితే రక్తం ఎదురు నడవగలదు. క్యాన్సరు కణాలు ఆ దారినే ఊపిరితిత్తులను తప్పించుకొని తలకు చేరుతాయని వైద్యులు భావిస్తారు.

పుర్రె అడుగుభాగంలోని రంధ్రాల గుండా కంటికి, ముఖానికి నరాలు వెళ్తాయి. కంతి వాటిని నొక్కితే చూపు చెదురుతుంది, చెంప తిమ్మిరెక్కుతుంది. కంతిలో రక్తనాళాలు దట్టంగా ఉండడంచేత రక్తస్రావమూ ఎక్కువే. పరీక్షకు తీసిన ముక్కలో కాలేయ కణాలను పోలిన కణాలు కనిపించి దాని పుట్టుకను తెలుపుతాయి. కనుక తలలో దొరికినా దానిని కాలేయ క్యాన్సరనే పిలుస్తారు. చికిత్సను కూడా ఆ ప్రకారమే నిర్ణయిస్తారు. ఈ దశలో పూర్తిగా నయం కావడం దుర్లభం. రేడియేషన్ చికిత్స బాధను కొంత తగ్గిస్తుంది.

ముక్కునుండి రక్తం కారిన ప్రతివారూ భయపడనక్కరలేదు. చాలాసార్లు కారణం సామాన్యమైనదే. అయితే కాలేయ వ్యాధి ఉన్నవారు ఆ సంగతిని ముక్కు, కన్ను చూసే వైద్యునికి సైతం తప్పక చెప్పాలి.

హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరసులు, మద్యపానం ఈ క్యాన్సరుకు ముఖ్యకారణాలు. వీటిలో హెపటైటిస్-బికి టీకా ఉంది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుండి వెలువడింది. శిశువు పుట్టిన 24 గంటలలో తొలి మోతాదు వేయించడం ఉత్తమం. కాలేయం గట్టిపడిన రోగులు ఆరు నెలలకొకసారి స్కానింగు చేయించుకొంటే కంతి చిన్నదిగా ఉన్నపుడే బయటపడే అవకాశముంది.

తలకు చేరిన వ్యాధిని వెనుకకు మరలించడం కష్టం. కార్జంలో పుట్టకుండా చూసుకోవడం చాలావరకు మన చేతిలోనిదే. విద్యార్థులు ఈ సంగతిని తమ ఇండ్లలోని పెద్దలకు, కొత్తగా తల్లులైన అక్కచెల్లెళ్లకు తెలియజేయగలరని ఆశిస్తున్నాము.