క్రొత్త వాహనము – కొనువాని కర్తవ్యము

అరకులోయ ప్రాంతపు వారపు సంతలో కుండను కొనవచ్చిన గిరిజన స్త్రీ దానిని చేతికెత్తుకొని, వేలి కణుపుతో తట్టి, చెవియొగ్గి వినును. కంగుమని మ్రోగినచో కుండ మంచిది. ధ్వని బోలుగా వచ్చినచో ఎక్కడనో పగులు గలదని గ్రహించి దానిని ప్రక్కన పెట్టును. ఎడ్లను కొను రైతు పండ్లు చూచి వయస్సును, నడిపించి చూచి కాళ్ల సత్తువను తెలిసికొనును. ఇట్టి పరీక్షకు అమ్మువాడు కోపగింపడు. పరీక్షింపక కొనువానిని చూచియే సంతలోనివారు నవ్వుదురు.

అయితే లక్షలకొలది రూపాయలు చెల్లించి మోటారుకారును కొనునపుడు పెక్కుమంది ఈ వివేకమును మరచుచున్నారు. “క్రొత్తబండి కదా! దీనిలో లోపమేముండును?” అని వారి తలంపు. పూలదండ వేయుట, కొబ్బరికాయ కొట్టుట, చక్రముల క్రింద నిమ్మకాయలుంచుట, మిఠాయి పంచుట – ఈ సంబరములో బండిని చూచుటకు తీరిక యుండదు. ఇందు విచారింపవలసిన విషయమొకటి గలదు. కర్మాగారమున తయారైన వాహనము లారీలపై నెక్కి ఎంతయో దూరము ప్రయాణము చేయును. పిదప ఆరుబయట ఎండకు వానకు కొంతకాలము నిలిచియుండును. ఈ లోపల రంగుపై గీతలు పడవచ్చును. బ్యాటరీ బలము తగ్గవచ్చును. ఎలుకలు తీగలను కొరుకవచ్చును. కావున క్రొత్తదగుట వేరు, లోపము లేకుండుట వేరు.

కొండప్రాంతము వారికి ఈ జాగ్రత్త మరింత అవసరము. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అచటికి సుమారు 115 కిలోమీటర్ల దూరము. అందు చాల భాగము మలుపులతో నిండిన ఘాటు రోడ్డు. వెయ్యి కిలోగ్రాముల బరువుగల కారు 800 మీటర్ల ఎత్తునుండి మైదానమునకు దిగినదనుకొందము. అపుడు వెలువడు శక్తి సుమారు 78 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల వేడిమి గల 26 లీటర్ల నీటిని మరుగునంతవరకు కాచుటకు ఆ శక్తి చాలును. ఇంజను ఆపగలిగినంత ఆపగా, మిగిలిన దానిలో అధికభాగమును బ్రేకులే వేడిమిగా మార్చి భరింపవలెను. మైదానమున దాగియున్న చిన్న లోపము ఈ మలుపులలో ప్రాణాపాయముగా పరిణమించును.

అనంతగిరి కొండలలోని కాఫీరైతొకడు అప్పు తీసికొని కారు కొన్నాడని భావింతము. అది వాని కుటుంబమునకే కాక, ఇరుగుపొరుగు గూడెములవారిని సంతకు, రోగులను ఆసుపత్రికి చేర్చు సాధనము కూడ. అట్టివాడు విశాఖపట్టణమునకు పోయి బండిని స్వాధీనపరచుకొను దినమున ఏమి చేయవలెను?

మొదట, పగటి వెలుతురున పోవలెను. రాత్రి దీపముల కాంతిలో గీతలు, సొట్టలు కనబడవు. అప్పుడే కడిగిన తడిబండిపైనను అవి మరుగుపడును. బండిని ఆరిన పిదప ఆరుబయటకు తెప్పించి, చుట్టును తిరిగి చూడవలెను. ఒక తలుపు రంగునకును ప్రక్క రేకు రంగునకును భేదమున్నచో, లేక తలుపుల సందులు ఒకచోట వెడల్పుగను మరియొకచోట ఇరుకుగను ఉన్నచో, కారణమడుగవలెను.

రెండవది, సంఖ్యలను సరిచూడవలెను. ప్రతి కారునకును పదునేడు అక్షరములు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య యుండును. అంకెలతో పొరపాటు రాకుండుటకై ఆంగ్లాక్షరములగు ఐ, ఓ, క్యూలను అందు వాడరు. బండిపై చెక్కిన సంఖ్యయు, ఇంజను సంఖ్యయు కాగితములలోని వానితో ప్రత్యక్షరము సరిపోవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము, అమ్మకపు ధ్రువపత్రము 21వ నమూనాలోను, వాహనము రోడ్డుపై నడచుటకు యోగ్యమని తయారీదారు ఇచ్చు పత్రము 22వ నమూనాలోను ఉండును. బీమా పత్రమును కూడ చదువవలెను.

మూడవది, టైర్లు. టైరు ప్రక్కభాగమున నాలుగంకెలు ముద్రించియుండును. 2324 అని యున్నచో, అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఐదు టైర్లను – స్టెప్నీని మరువక – ఇట్లు చూడవలెను. జాకీ, చక్రపు పానా ఉన్నవో లేవో కనుగొనవలెను. కిలోమీటర్ల మీటరు కొంత దూరమును చూపుట సహజము. వందలకొలది కిలోమీటర్లు చూపినచో ఆ బండి ఎవరికొరకు, ఎందులకు తిరిగినదో అడుగుట న్యాయము.

నాలుగవది, ప్రాణములను కాపాడు భాగములు. ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమముగా ప్రసరించునని పాస్కల్ అను శాస్త్రజ్ఞుడు 17వ శతాబ్దమున నిరూపించెను. కారు బ్రేకులు ఆ సూత్రముపైననే పనిచేయును. కావున బ్రేకు ద్రవము గిన్నెపై గల రెండు గీతల నడుమ నుండవలెను. తొక్కుడుపలకను నొక్కిపట్టినపుడు అది మెల్లమెల్లగా క్రుంగరాదు. వాలుపై నిలిపినపుడు చేతిబ్రేకు బండిని కదలనీయరాదు. తాళము త్రిప్పగానే వెలుగు హెచ్చరిక దీపములు ఇంజను నడచిన పిమ్మట ఆరిపోవలెను. ముందు దీపములను, హారనును, వైపర్లను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. వర్షాకాలపు జడివానలోను, శీతకాలపు పొగమంచులోను అరకు దారికి అవే కన్నులు.

ఈ పరీక్ష కేవలము జాగ్రత్త కాదు. కొనువాని హక్కు కూడ. 1930 నాటి వస్తు విక్రయ చట్టము 41వ సెక్షను ప్రకారము, ముందు చూడని వస్తువును పరీక్షించుటకు తగిన అవకాశము లభించువరకు కొనువాడు దానిని అంగీకరించినట్లు కాదు. అయితే ఆ చట్టమే 16వ సెక్షనున మరియొక మాట చెప్పుచున్నది. కొనువాడు పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపమును గూర్చి, సరకు నాణ్యత పేర అమ్మువానిని నిలదీయుట సాధ్యము కాదు. కనుక పైపైన చూచి సంతకము చేయుట తనకు తానే హాని చేసికొనుట. లోపము కనబడినచో కలహింపనక్కరలేదు. దానిని కాగితముపై వ్రాయించి, ఛాయాచిత్రము తీయించి, సరిచేసిన పిదపనే సంతకము చేయవలెను. “తరువాత చూతము” అను నోటిమాట నీటిమూట. దాగియున్న లోపము పిమ్మట బయటపడి, అమ్మువాడు పట్టించుకొననిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును.

పరీక్షించుట అమ్మువానిని అవమానించుటయని కొందరు మొగమాటపడుదురు. ఇది సరికాదు. అరకు మీదుగా పోవు కొత్తవలస–కిరండూలు రైలుమార్గమును ఈ కొండలలో ఇంజనీర్లు సొరంగములు తొలిచి నిర్మించిరి. ఎంత నిపుణులు నిర్మించినను, నేడు ఏ క్రొత్త రైలుమార్గమునైనను భద్రతా కమిషనరు పరిశీలింపక ప్రయాణికులకు తెరువరాదని 1989 నాటి రైల్వే చట్టము శాసించుచున్నది. అది ఇంజనీర్లయందు అపనమ్మకము కాదు, ప్రయాణికులయందు బాధ్యత. కొత్తబండి నెక్కబోవు వృద్ధులు, పిల్లలు బ్రేకులను పరీక్షింపలేరు. వారి పక్షమున ఆ పని చేయవలసినవాడు తాళపుచెవి నందుకొనువాడే. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, ఒక గంటసేపు ఓపికతో చూచుట మేలు.