అన్ని పలకలూ ఒకే మందం
చిన్న ఓడ నమూనాలు చేసేవారికి సాండరు మిషను పాఠం



చదవడం వచ్చింది. రాయడం వచ్చింది. కూడికలు, భాగహారాలు వచ్చాయి. ఇప్పుడు ఆ చదువును పనిలో పెడదాం. ఈ పాఠం చెక్కపని గురించి. అందులోనూ చిన్న చిన్న చెక్క ఓడల గురించి. ఓడ చిన్నదే. కానీ దాని లెక్క చిన్నది కాదు.

ఓడ బొమ్మ వేరు, ఓడ నమూనా వేరు

పిల్లలు ఆడుకునే పడవ బొమ్మకు కొలత అక్కర్లేదు. నమూనా అలా కాదు. అసలు ఓడ ఎలా ఉంటుందో నమూనా అచ్చం అలాగే ఉండాలి. అసలు ఓడలో అడుగు దూలం ఉంటుంది. దాని మీద పక్కటెముకల వంటి కొయ్యలు నిలబడతాయి. వాటి మీద పలకలు పరుస్తారు. నమూనాలో కూడా అవన్నీ ఉంటాయి.

ఇంగ్లండు దేశంలో 17వ శతాబ్దంలోనే నౌకాదళం వారి కోసం ఇలాంటి నమూనాలు చేశారు. వాటిలో చాలా నమూనాలు లండన్ నగరంలోని గ్రీనిచ్ సముద్రయాన మ్యూజియం వారి దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

మన దేశంలో కేరళ రాష్ట్రంలో కోళికోడ్ దగ్గర బేపూరు అనే ఊరు ఉంది. అక్కడి వడ్రంగులు ‘ఉరు’ అనే పెద్ద చెక్క ఓడలు కట్టడంలో పేరుపడ్డారు. అరబ్బు దేశాల వారు వాటిని కొనుక్కున్నారు. ఆ ఉరువుల చిన్న నమూనాలు కూడా అక్కడ చేసి అమ్ముతారు. చూడడానికి వచ్చినవారు కొనుక్కుపోతారు.

మనకూ ఓడల చరిత్ర ఉంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ ఓడలు కట్టేవారు. 1839లో వచ్చిన తుపాను ఆ రేవును బాగా దెబ్బ తీసింది. కోరంగి పక్కనే ఉన్న తాళ్లరేవు చెక్క పడవల పనికి పేరు పొందింది. కాబట్టి ఓడ పని మనకు కొత్త కాదు.

మందం ఎందుకు అంత ముఖ్యం?

నమూనాను ఒక లెక్క ప్రకారం చేస్తారు. చాలామంది వాడే ఒక లెక్క 48కి 1. అంటే అసలు ఓడలో 48 అడుగులు ఉంటే నమూనాలో 1 అడుగు.

లెక్క చేద్దాం.
అసలు ఓడ పలక మందం 3 అంగుళాలు.
1 అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు.
3 అంగుళాలు అంటే సుమారు 76 మిల్లీమీటర్లు.
76ని 48తో భాగిస్తే సుమారు 1.6.
అంటే నమూనాలో పలక మందం 1.6 మిల్లీమీటర్లు.

ఇది ఎంత పలుచనో చూడండి! ఇంత పలచని పలకలు పక్కపక్కన అతికించాలి. ఒకటి 1.6, ఇంకొకటి 2 ఉందనుకోండి. మధ్యలో మెట్టు వస్తుంది. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

ఇంకో లెక్క. ఓడ పక్కటెముకలు 30 వరసగా పేర్చారు. ఒక్కొక్కటి 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ మందం ఉంది. 30ని 0.2తో గుణిస్తే 6. మొత్తం మీద 6 మిల్లీమీటర్లు పెరిగింది. అసలు ఓడలో అది 288 మిల్లీమీటర్లు. అంటే సుమారు 11 అంగుళాలు! ఇక మిగిలిన ముక్కలు దేనికీ సరిపోవు. వారం రోజుల పని పాడవుతుంది. కొనేవాడు తిప్పి పంపుతాడు.

చిత్రిక ఉండగా మిషను ఎందుకు?

ఈ మాటే ఒక అల్లుడు తన మామయ్యను అడిగాడు. ఇద్దరిదీ వడ్రంగం పనే.

అల్లుడు: మామయ్యా, మన చిత్రిక ఉంది కదా. దానితో పలక నున్నగా రాదా?

మామయ్య: వస్తుందిరా. కానీ రెండు మిల్లీమీటర్ల కంటే పలుచన అయ్యాక చిత్రిక కిందే పలక వంగుతుంది. చెక్క నార ఎదురు తిరిగితే పెచ్చు లేచిపోతుంది.

అల్లుడు: మరి చిత్రిక పట్టే కరెంటు మిషను?

మామయ్య: దాని కత్తి కూడా అంతే. పలచని ముక్కను ముక్కలు చేసి పారేస్తుంది. సాండరు కత్తితో కొయ్యదు. ఉప్పు కాగితంతో అరగదీస్తుంది. అందుకే పెచ్చులు లేవవు.

అల్లుడు: అయితే ఇవాళే కొనేద్దాం!

మామయ్య: ఆగు. ఏడాదికి ఎన్ని ఓడలు చేస్తావు? ఒకటో రెండో అయితే పలకలు మిల్లులో కోయించుకో. చదునైన గాజు పలక మీద ఉప్పు కాగితం అతికించు. చేత్తో రుద్దుకో. నెలనెలా పని ఉంటేనే మిషను.

మామయ్య మాట గుర్తుపెట్టుకోండి. అప్పు చేసి కొన్న మిషను మూల పడి ఉంటే వడ్డీ మాత్రం మూల పడి ఉండదు.

మిషను ఎలా ఉంటుంది?

చపాతీ కర్రను తలచుకోండి. దానికి ఉప్పు కాగితం చుట్టారనుకోండి. అదే డ్రమ్ము. మోటారు దాన్ని గిరగిరా తిప్పుతుంది. డ్రమ్ము కింద చదునైన బల్ల ఉంటుంది. బల్లకూ డ్రమ్ముకూ మధ్య సందు ఉంటుంది. మర తిప్పితే ఆ సందు పెరుగుతుంది, తరుగుతుంది. చెక్కను ఆ సందులోంచి పంపాలి. సందు ఎంత ఉంటే చెక్క మందం అంతకు వస్తుంది. పని అంతా ఇంతే.

కొనే ముందు ఏం చూడాలి?

1. బల్ల, డ్రమ్ము సమంగా ఉన్నాయా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒకే చెక్కలోంచి రెండు చిన్న పట్టీలు తీసుకోండి. ఒకటి బల్ల ఎడమ పక్క నుంచి, ఒకటి కుడి పక్క నుంచి పంపండి. సందు మార్చవద్దు. తర్వాత రెండింటినీ కొలవండి. మందం ఒకటే రావాలి. తేడా వస్తే, ఆ తేడాను సరిచేసే మరలు ఉన్నాయేమో అడగండి. లేకపోతే ఆ మిషను వద్దు.

2. మర సాఫీగా తిరుగుతోందా? కొద్దిగా తిప్పితే కొద్దిగానే కదలాలి. మర వదులుగా ఊగితే కొలత నిలవదు.

3. ఉప్పు కాగితం ఎక్కడ దొరుకుతుంది? మామూలు షాపులో దొరికే కాగితం కత్తిరించి చుట్టుకునేలా ఉంటే మంచిది. ఆ కంపెనీ కాగితమే కావాలంటే, అది అయిపోయిన రోజు పని ఆగిపోతుంది.

4. పొడి లాగే గొట్టం పెట్టడానికి నోరు ఉందా? లేని మిషను కొనవద్దు. కారణం కింద చెబుతాను.

5. కరెంటు ఎంత? మిషను మీద చిన్న రేకు ఉంటుంది. చదవడం వచ్చింది కదా, చదవండి! మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. కొన్ని విదేశీ మిషన్లు 110 వోల్టులకు చేసినవి. వాటిని తిన్నగా మన ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది.

6. స్విచ్చి చేతికి అందేలా ఉందా? ఆపద వస్తే వెతుక్కునే సమయం ఉండదు.

7. రిపేరు ఎవరు చేస్తారు? రసీదు, గ్యారంటీ కాగితం తప్పకుండా అడిగి తీసుకోండి. అందులో ఏం రాశారో మీరే చదవండి.

ఒక్కరే కొనలేకపోతే కలిసి కొనవచ్చు. మిషను ధర 20,000 రూపాయలు అనుకుందాం. ఐదుగురు కలిస్తే ఒక్కొక్కరికి 4,000. ఎవరు ఏ రోజు వాడాలో ముందే పుస్తకంలో రాసుకోండి. ఉప్పు కాగితం ఖర్చు ఎవరిదో కూడా రాసుకోండి. నోటిమాట మీద మొదలైన పొత్తు నోటిమాటతోనే చెడుతుంది.

పని చేసే పద్ధతి

ఉప్పు కాగితం వెనక అంకె ఉంటుంది. అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ. అంకె పెద్దదైతే నునుపు ఎక్కువ. 80 బాగా గరుకు. 120 మధ్యరకం. 220 నున్నన.

మన దగ్గర 2.4 మిల్లీమీటర్ల పట్టీలు 10 ఉన్నాయి. వాటిని 1.6కి తేవాలి. ఇలా చేయండి.

మొదట పట్టీలలో మేకు, ఇసుక, ఎండిన జిగురు లేకుండా చూడండి. మేకు తగిలితే కాగితం చిరుగుతుంది. నిప్పురవ్వ లేచి పొడి అంటుకోవచ్చు.

10 పట్టీలనూ కొలవండి. అన్నిటికంటే మందమైనది తీసుకోండి. మిషను ఆపి ఉండగా దాన్ని డ్రమ్ము కింద పెట్టి సందు సరిచూసుకోండి. తర్వాత పట్టీని బయటికి తీసి మిషను వేయండి.

డ్రమ్ము అడుగు భాగం మన వైపు తిరుగుతుంది. మనం చెక్కను దానికి ఎదురుగా నెట్టాలి. వెనక వైపు నుంచి ఎప్పుడూ పెట్టవద్దు. అలా పెడితే డ్రమ్ము చెక్కను లాక్కుని బాణంలా విసిరేస్తుంది. చెక్కకు తిన్నగా ఎదురు నిలబడవద్దు. కొంచెం పక్కకు నిలబడండి.

చెక్కను ఒకే వేగంతో నెట్టండి. మధ్యలో ఆపితే అక్కడ పల్లం పడుతుంది. సగం దాటాక అవతలి పక్క నుంచి పట్టుకుని లాగండి. చివర నెట్టడానికి వేలు వాడవద్దు. ఒక కర్ర ముక్క వాడండి.

ఒకసారికి 0.1 మిల్లీమీటరు మాత్రమే తీయండి. తొందరపడితే మోటారు మూలుగుతుంది. చెక్క నల్లగా కాలుతుంది.

ముఖ్యమైన సంగతి: ఒక పట్టీని చివరిదాకా పూర్తి చేసి ఇంకోటి మొదలుపెట్టవద్దు. ఒక సందు పెట్టి 10 పట్టీలూ పంపండి. తర్వాత సందు తగ్గించి మళ్లీ 10 పంపండి. అప్పుడే అన్నీ ఒకే మందం వస్తాయి.

120 కాగితంతో 1.7 దాకా తీయండి. ఆఖరి 0.1 మాత్రం 220 కాగితంతో తీయండి. మిషను మీద ఉన్న అంకెను నమ్మి ఊరుకోవద్దు. ప్రతిసారీ వెర్నియరు కాలిపరుతో చెక్కనే కొలవండి.

పట్టీ రెండు చివర్లూ కొన్నిసార్లు పలచబడతాయి. పట్టీలను ఒకదాని వెనక ఒకటి తాకేలా పంపితే ఆ బాధ తగ్గుతుంది. కొంచెం పొడవు ఎక్కువ ఉంచుకుని చివర్లు కోసేయవచ్చు కూడా.

1 మిల్లీమీటరు కంటే పలుచన కావాలంటే చదునైన చెక్క మీద రెండు వైపులా అంటుకునే టేపుతో పట్టీని అతికించి, రెండూ కలిపి పంపండి.

కాగితం సందుల్లో పొడి పేరుకుంటే క్రేపు రబ్బరు ముక్కను తిరుగుతున్న డ్రమ్ముకు మెల్లగా ఆనించండి. పొడి వదిలిపోతుంది. పాత క్రేపు చెప్పు అడుగు కూడా పనికొస్తుంది. కాగితం మార్చేటప్పుడు మాత్రం స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు పీకేయండి.

పొడి చిన్నది, ముప్పు పెద్దది

రంపపు పొట్టు కింద పడుతుంది. సాండరు పొడి గాలిలో తేలుతుంది. కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. అదే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు, ఆయాసం, ఒంటి దురద వస్తాయి. టేకు పొడి చాలామందికి పడదు.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. ఏళ్ల తరబడి ఆ పొడి పీల్చిన వారికి ముక్కు లోపల క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

“మా తాత కూడా చెక్కపనే చేశాడు, ఏమీ కాలేదు” అని కొందరు అంటారు. తాత రంపంతో, చిత్రికతో, ఆరుబయట చెట్టు కింద చేశాడు. ఈ మిషను గదిలో పెట్టుకుని రోజంతా సన్న పొడి పీలిస్తే ఆ పోలిక కుదరదు.

కాబట్టి పొడి లాగే మిషను తప్పక పెట్టండి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఎన్-95 మాస్కు బిగుతుగా పెట్టుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. గది ఊడిస్తే పొడి మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. చంటిపిల్లలు, గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు. అక్కడ బీడీ, అగ్గిపుల్ల అసలే వద్దు.

చేతికి గ్లౌజులు వేయవద్దు. అవి డ్రమ్ముకు చిక్కితే చేతిని కూడా లాక్కుపోతాయి. పైట కొంగు దోపుకోండి. జుట్టు ముడి వేసుకోండి. మెడలో తువ్వాలు, చేతికి గాజులు తీసి పక్కన పెట్టండి. ప్లగ్గు మూడు పిన్నులది ఉండాలి. ఎర్తు తీగ ఉందో లేదో కరెంటు పనివాడి చేత చూపించండి.

కొత్త మాటలు

నమూనా: అసలు వస్తువును లెక్క ప్రకారం చిన్నదిగా చేసినది.
డ్రమ్ము: ఉప్పు కాగితం చుట్టి తిరిగే కడ్డీ.
కాలిపరు: మందం కొలిచే పరికరం.
ఎర్తు: కరెంటు లీకైతే దాన్ని భూమిలోకి పంపే తీగ.

మీరే చేయండి

1. అసలు ఓడ పలక మందం 4 అంగుళాలు. లెక్క 48కి 1. నమూనా పలక ఎన్ని మిల్లీమీటర్లు?
2. 3 మిల్లీమీటర్ల పట్టీని 2 మిల్లీమీటర్లకు తేవాలి. ఒకసారికి 0.1 తీస్తే ఎన్నిసార్లు పంపాలి? అలాంటి పట్టీలు 12 ఉంటే మొత్తం ఎన్నిసార్లు?
3. మోటారు 250 వాట్లది. 1000 వాట్లు ఒక గంట వాడితే 1 యూనిట్. ఈ మోటారు ఎన్ని గంటలు తిరిగితే 1 యూనిట్ అవుతుంది?
4. చెక్కను డ్రమ్ముకు ఎదురుగా ఎందుకు నెట్టాలి? రెండు వాక్యాల్లో రాయండి.
5. మీ ఊళ్లో చెక్కపని చేసేవారి దగ్గరికి వెళ్లండి. వారు పొడి నుంచి ఎలా కాపాడుకుంటున్నారో అడిగి రాయండి. వారికి చదవడం రాకపోతే పొడి గురించిన భాగం మీరే చదివి వినిపించండి.

జవాబులు: 1) సుమారు 2.1 మిల్లీమీటర్లు. 2) 10 సార్లు, మొత్తం 120 సార్లు. 3) 4 గంటలు.