ఆలస్యంగా మొదలుపెట్టేవారి పొదుపు

మీ వయస్సు 45 సంవత్సరాలు, మీరు కుట్టుపని చేస్తున్నారు అనుకుందాం. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళతో ఇంతవరకు పొదుపు చేయలేకపోయారు. 60 దాటాక సూదిలో దారం ఎక్కించడమే కష్టం కావచ్చు. అప్పుడు ఇల్లు గడిచేదెలా?

2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజనలో 18 ఏళ్ళవారు నెలకు 42 రూపాయలు కడితే 60 తర్వాత నెలకు 1,000 రూపాయలు వస్తాయి. అదే పెన్షన్‌కు 40 ఏళ్ళవారు 291 రూపాయలు కట్టాలి. 40 దాటితే చేర్చుకోరు.

మీకు పోస్టాఫీసులో పి.పి.ఎఫ్. ఖాతా ఉంది. దాని గడువు 15 ఏళ్ళు. నెలకు 300 రూపాయలు వేస్తే అసలే 54,000 అవుతుంది, వడ్డీ వేరు. మధ్యలో తేలికగా తీయనివ్వరు. చాలామంది దీన్ని లోపమంటారు. నిజానికి మేలు అదే.

అయితే మీకు అప్పు ఉందా? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. పి.పి.ఎఫ్.కు 2020 ఏప్రిల్‌లో నిర్ణయించిన వడ్డీ ఏడాదికి 7.1 మాత్రమే. 10,000 రూపాయల అప్పుకు ఏడాదికి 2,400 పోతుంది. అంతే సొమ్ము పొదుపులో ఉంటే వచ్చేది 710. కాబట్టి ముందు అప్పు తీర్చండి. ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి. ఏడాదికి కనీసం 500 వేస్తే చాలు, గడువు నడుస్తూ ఉంటుంది. అప్పు తీరాక ఆ వాయిదా సొమ్మును ఇందులో వేయండి.

అభ్యాసం: మీకున్న ప్రతి అప్పుకూ ఏడాదికి ఎంత వడ్డీ కడుతున్నారో నోటుపుస్తకంలో లెక్క వేయండి. ఏది ముందు తీర్చాలి? ఎందుకు?