యంత్రము గీసిన ఇల్లు

ఇటీవల ఒక బాలుడు తాను పెద్దవాడైన పిమ్మట కట్టదలచిన ఇంటి చిత్రమును నాకు చూపెను. “నీవే గీసితివా?” అని అడిగితిని. “లేదండీ, నేను మాట చెప్పితిని, యంత్రము గీసినది” అనెను. చిత్రము అందముగనే యున్నది. కాని పడమటి గోడ యంతయు గాజే! మన చంద్రపూరు వేసవిలో ఆ గదియం దెవరు కూర్చుండగలరు?

ఈ కృత్రిమ మేధ కోట్లకొలది చిత్రములను, వాని క్రింది వ్రాతలను పరిశీలించి, ఏ మాటతో ఏ రూపము కలిసి వచ్చునో నేర్చుకొనును. మనము కోరిక తెలుపగనే, చుక్కల గందరగోళమునుండి మెట్టుమెట్టుగా ఒక రూపమును తేల్చును. 2022లో మిడ్‌జర్నీ వంటివి జనుల చేతికి వచ్చినది మొదలు భవనశిల్పులును తొలి ఊహలకు వీనిని వాడుచున్నారు. ఒక్క పూటలో నూరు రూపములను పోల్చి చూడగలుగుట మేలే.

అయితే సృజన రూపముతో ముగియునా? పాలంపేటలోని రామప్ప దేవాలయమును తలచుకొనుడు. కాకతీయుల కాలమున, 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. దాని పునాది క్రింద ఇసుక పోసిరి. శిఖరమునకు నీట తేలునంత తేలికయైన ఇటుకలను వాడిరి. ఈ రెండును చూపరుల కంటికి కనబడవు. “ఈ నేల యెట్టిది? ఈ బరువును మోయునా?” అని ప్రశ్నించుకొన్నవారికే అట్టి ఉపాయములు తోచును. మన ప్రాంతపు నల్లరేగడియు వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును గదా!

మరియొక సంగతి. యంత్రము చదివిన వ్రాతలలో ఆంగ్లమే అధికము, తెలుగు స్వల్పము. నడుమ ఆకాశమునకు తెరచి, గాలిని వెలుతురును ఇంటిలోనికి రానిచ్చు మండువా లోగిలిని ఎరిగినవాడే దానిని కోరగలడు. వచ్చిన చిత్రము తప్పైనచో దిద్దగలడు. మాట మరచినవాడు యంత్ర మిచ్చినదే చాలుననుకొనును. కావున తల్లిదండ్రులారా, మీరు పెరిగిన ఇంటి వసారా, అరుగు, పెరడుల గూర్చి బిడ్డలకు తెలుగులో చెప్పుడు.

ఆ బాలుడు మరునాడు పడమట గాజు తీసివేసి, వసారా గీసి తెచ్చెను. గీతలు వంకరగా నున్నవి. ఆలోచన మాత్రము వానిదే.

అభ్యాసము: జటపురా ద్వారము కడ నిలిచి, గోండు రాజులు కట్టించిన ఆ కోటద్వారమును మీ చేతితో గీయుడు. నీడ ఎటు పడుచున్నదో, బరువును ఏ రాళ్ళు మోయుచున్నవో వ్రాయుడు.