ఇంగ్లీషు వ్యాసంలో మన అభిప్రాయం

ఇంగ్లీషు వ్యాసం అనగానే మన విద్యార్థులలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది వ్యాకరణం. టెన్సు తప్పుతుందేమో, ప్రిపోజిషను జారుతుందేమో, స్పెల్లింగు మోసం చేస్తుందేమో అన్న భయం. ఆ భయం అనవసరమని నేననను. కాని ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. అభిప్రాయ వ్యాసాలలో మార్కులు పోయేది భాష తప్పిన చోట కంటే, అసలు అభిప్రాయమే లేని చోట ఎక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకసారి క్లాసులో "హాజరు నిర్బంధంగా ఉండాలా?" అన్న విషయం మీద వ్యాసం వ్రాయమన్నాను. పల్లెటూరి నుంచి రోజూ బస్సు మీద వచ్చే కుర్రాడొకడు, గంట కొట్టాక వరండాలో స్నేహితులతో అంటున్నాడు: "మా ఊరి మొదటి బస్సే ఏడున్నరకి. అది ఇక్కడికి చేరేసరికి ఫస్టవర్లో పావుగంట అయిపోతుంది. అటెండెన్సు అప్పటికే తీసేసుకుంటారు. ముప్పావుగంట పాఠం విన్న నేను ఆబ్సెంటు, గంటసేపూ నిద్రపోయినవాడు ప్రెజెంటు. ఇదేం న్యాయంరా?"

ఎంత చక్కటి వాదన! ఆ సాయంత్రం అతని పేపరు తీసి చూశాను. "ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్" అని మొదలైంది. "ఎడ్యుకేషన్ ఈజ్ ది బ్యాక్‌బోన్ ఆఫ్ ది నేషన్" అని నడిచింది. "లాస్ట్ బట్ నాట్ ది లీస్ట్" అని ముగిసింది. అందులో బస్సు లేదు, అన్యాయం లేదు, అసలు ఆ కుర్రాడే లేడు.

మర్నాడు అడిగాను. "బస్సు సంగతి ఇంగ్లీషు వ్యాసంలో వ్రాస్తే బాగుంటుందా సార్?" అన్నాడు. బాగుంటుందనే నా జవాబు. ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వాదించడం మనకు కొత్త కాదు

"ఎస్సే" అన్న మాటకు మూలమైన ఫ్రెంచి పదానికి "ప్రయత్నం" అని అర్థం. 1580లో మాంటేన్ తన రచనలకు ఆ పేరు పెట్టాడు. 1597లో ఫ్రాన్సిస్ బేకన్ ఇంగ్లీషులో అదే పేరుతో పుస్తకం తెచ్చాడు. పేరు వాళ్ళదే, కాదనలేం. కాని ఒక మాట అని, దానిని నిలబెట్టుకోవడం మనకు వాళ్ళు నేర్పింది కాదు. మన న్యాయశాస్త్రం అనుమానానికి ఐదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కనుక నిప్పుంది. ఇంగ్లీషు మేష్టర్లు థీసిస్, రీజన్, ఎగ్జాంపుల్, కన్‌క్లూజన్ అని బోర్డు మీద వ్రాసేవి ఇంచుమించు ఇవే.

మన కుర్రాడి మాటను ఈ వరసలో పెట్టి చూడండి. అతని ప్రతిజ్ఞ "హాజరు వద్దు" అని కాదు. "క్లాసు మొదట్లో ఒక్కసారే హాజరు తీసుకునే పద్ధతి మారాలి" అని. ఎంత చిన్నదైందో చూశారా? చిన్నదైన కొద్దీ బలం పెరిగింది. "విద్యావిధానం మారాలి" అంటే మూడు పేజీలలో ఎవరూ రుజువు చేయలేరు. ఈ మాట చేయవచ్చు. హేతువు: ఆ పద్ధతి పాఠం విన్నదీ లేనిదీ కొలవడం లేదు, బస్సు వచ్చిన వేళను కొలుస్తోంది. ఉదాహరణ: అతని ఏడున్నర బస్సు.

పూర్వపక్షం

అభిప్రాయ వ్యాసానికి ఇంతవరకు చాలు. నా అభిప్రాయం ఇది, కారణాలు ఇవి అని చెప్పి ముగించవచ్చు. వాద వ్యాసానికి మాత్రం మరో మెట్టు ఉంది. మన పండితులు దానిని పూర్వపక్షం అన్నారు. ఎదుటివాడి మాటను ముందు మనమే చెప్పాలి. అదీ అతను చెప్పేదానికంటే బలంగా చెప్పాలి.

"బస్సు వంక అందరూ చెబుతారు. ఆలస్యాన్ని ఒప్పుకుంటే ఇక క్లాసుకు వేళ ఏముంటుంది? మధ్యలో ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే, వింటున్నవాళ్ళకు ఇబ్బంది కాదా?" ఇది గట్టి ఆక్షేపణే. దీనిని దాటేసి పోతే చదివేవాడు ఇట్టే పట్టేస్తాడు. నిజమే, ఇబ్బందేనని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత, హాజరు గంట చివర్లో తీసుకుంటే వంకలు చెప్పేవాళ్ళు ఎలా బయటపడతారో, ఆలస్యంగా వచ్చేవాళ్ళు తలుపు దగ్గరి బెంచీలో కూర్చుంటే ఇబ్బంది ఎంత తగ్గుతుందో చూపాలి. ఎదుటివాడి మాటలో నిజాన్ని ఒప్పుకోవడం ఓటమి కాదు. మిగిలిన మాటకు అదే బలం.

గురజాడ వారి పాఠం

ఇంగ్లీషులో వాదించిన తెలుగువాళ్ళలో మనం తప్పక చూడవలసినవారు గురజాడ అప్పారావుగారు. విజయనగరం మహారాజావారి కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పినవారు. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" నాటకం తెలుగు, దానికి ఆయన వ్రాసిన ముందుమాట ఇంగ్లీషు. దురాచారం ఘోరమని విశేషణాలు గుప్పించి ఊరుకోలేదు. మహారాజావారు తయారు చేయించిన జాబితాను ముందు పెట్టారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో లెక్కకెక్కిన శుల్క వివాహాలు 1034, ఏడాదికి సగటున 344. ఆ పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది వయసువాళ్ళు ముగ్గురు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక జాబితా సమగ్రం కాదనీ ఆయనే చెప్పారు. తన ఆధారానికి ఉన్న లోటును తానే చెప్పేవాడిని ఎవరు నమ్మరు? 1914లో వ్యావహారిక భాష పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషులోదే. తెలుగు కోసం ఇంగ్లీషులో వాదించారన్న మాట.

భాష సంగతి

ఇక భాష. మన తప్పులు చాలావరకు తెలుగులోంచి వచ్చేవే. "గురించి చర్చించు" అనే అలవాటు వల్ల "డిస్కస్ అబౌట్" అని వ్రాస్తాం. అక్కడ "అబౌట్" అక్కర్లేదు. "అయినప్పటికీ... కాని" అనే అలవాటుతో "ఆల్‌దో" పెట్టి, అదే వాక్యంలో "బట్" కూడా పెడతాం. రెండింటిలో ఒకటి చాలు. తెలుగులో కారణాలన్నీ చెప్పి చివర "కనుక" అనడం మనకు హాయి. ఇంగ్లీషు వ్యాసం చదివేవాడు మాత్రం మన పక్షమేదో మొదటి పేరాలోనే తెలియాలనుకుంటాడు. "ఆల్", "ఆల్వేస్", "నెవర్" అన్న మాటలు వ్రాసేముందు ఒక్క క్షణం ఆగండి. ఒక్క ఎదురు ఉదాహరణతో అవి కూలిపోతాయి. "మెనీ", "ఆఫెన్" అన్నవి నిలబడతాయి. "ఇన్ మై ఒపీనియన్" ఒక్కసారి చాలు. సంతకం ప్రతి లైనుకీ పెట్టం కదా!

ఇప్పుడు గైడులే కాదు, కంప్యూటరు కూడా అడిగిన క్షణంలో వ్యాసం వ్రాసి ఇస్తోంది. వ్యాకరణం తప్పదు కూడా. కాని మీ ఊరి బస్సు ఎన్నింటికో మీరు చెబితే తప్ప దానికి తెలియదు. రేపు ఇంటర్వ్యూలోనో, ఆఫీసులోనో, మీ ఊరికి రోడ్డు కావాలని అర్జీ పెట్టేటప్పుడో మీ పక్షాన మాట్లాడవలసింది మీరే. దానికి సాధన ఇక్కడే, ఈ బెంచీల మీదే జరగాలి.

ఆ కుర్రాడు వ్యాసం మళ్ళీ వ్రాసి తెచ్చాడు. "ది ఫస్ట్ బస్ ఫ్రమ్ మై విలేజ్ ఈజ్ స్టార్టింగ్ ఎట్ హాఫ్ పాస్ట్ సెవెన్" అని మొదలుపెట్టాడు. "ఈజ్ స్టార్టింగ్" కొట్టేసి "స్టార్ట్స్" అని దిద్దాను. అలాంటివి మొత్తం తొమ్మిది తప్పులు తేలాయి. మొదటి పేపరులో రెండే ఉన్నాయి. అయినా ఎక్కువ మార్కులు దీనికే వేశాను.