ఉద్యోగమునకు అర్జీ: తోడి లేఖ వ్రాయు విధము

విద్యార్థులారా! పాఠశాల చదువు ముగిసిన పిమ్మట మీలో కొందరు కళాశాలకు బోవుదురు. కొందరు చదువుచునే చిన్న ఉద్యోగమునకు ప్రయత్నింతురు. కొందరి యింటి పరిస్థితి వేఱు దారి చూపదు. ఏ దారిని బోయినను ఒకనాడు అర్జీ వ్రాయక తప్పదు. అర్జీ యనగా నేడు రెండు కాగితములు. ఒకటి పేరు, పుట్టిన తేదీ, చదువు, మార్కులు మున్నగు వివరముల పట్టిక. దీనిని బయోడేటా యందురు. రెండవది ఆ పట్టికపై నుంచి పంపెడి చిన్న లేఖ. దీనికి కవరింగు లెటరని వాడుక. పట్టికను ఎవరైనను నింపి యీయగలరు. లేఖను మాత్రము ఎవరికి వారే వ్రాసికొనవలెను. మన పిల్లలు తడబడునది ఈ రెండవ కాగితముననే.

చాలమంది వ్రాయు లేఖ ఇట్లుండును: "మాది బీద కుటుంబము. మా తండ్రిగారికి రెండెకరముల మెట్ట తప్ప వేఱాధారము లేదు. నాకు ఈ ఉద్యోగము మిక్కిలి అవసరము. తమరు దయదలచి..." ఇందులో అబద్ధమేమియు లేదు. బీదతనము సిగ్గుపడవలసినదియు గాదు. కాని లేఖ చదువువాని బల్లమీద నలువది లేఖలున్నవనుకొనుడు. వానిలో ముప్పది యింటి కష్టములనే చెప్పుచుండును. అతడు వెదకునది వేఱు: ఈ పిల్లవాడు, ఈ పిల్ల, మా పని చేయగలరా? ఆ ప్రశ్నకు మొదటి నాలుగు వాక్యములలో జవాబు దొరకవలెను.

ఇందుకు చరిత్రలో మంచి ఉదాహరణమొకటి గలదు. 1912 ఫిబ్రవరి 9వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టు కార్యాలయమునకు ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు గుమాస్తా పనికి అర్జీ పంపెను. ఆయనయే శ్రీనివాస రామానుజన్. గణితము తప్ప తక్కిన విషయములపై మనసు నిలువక ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయినవాడు. అప్పటికి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు నెలనెల కొంత సొమ్మిచ్చి పోషించుచుండెను. ఒకరిపై ఆధారపడి యుండుట రామానుజన్‌కు రుచింపలేదు. ఆయన వ్రాసిన లేఖ కొద్ది వాక్యములు మాత్రమే. తమ కార్యాలయమున గుమాస్తా పని ఖాళీగా నున్నదని తెలిసినదనియు, మెట్రిక్యులేషను తేరి ఎఫ్.ఏ. వఱకు చదివితిననియు, ప్రతికూల పరిస్థితులవలన చదువు సాగలేదనియు, ఆనాటినుండి కాలమంతయు గణితమునకే వినియోగించితిననియు, పని యిచ్చినచో దానికి న్యాయము చేయగలనను నమ్మకము కలదనియు వ్రాసెను. అంతే. మార్చి 1వ తేదీన నెలకు ముప్పది రూపాయల జీతముపై పనిలో జేరెను.

తప్పిన చదువును ఆయన దాచలేదు. దానిని అర వాక్యములో జెప్పి, ఎవరిని నిందింపక, వెంటనే "ఆ తరువాత నేనేమి చేసితిని" అను సంగతికి వచ్చెను. మార్కులు తక్కువైనవారు, నడుమ ఒక యేడు పోగొట్టుకొన్నవారు ఈ పద్ధతిని గమనింపవలెను. కాని ఆ లేఖలోను ఒక లోటు నాకు దోచుచున్నది: తన గణితము కార్యాలయపు లెక్కలకు ఎట్లు పనికివచ్చునో ఆయన చెప్పలేదు. ఆ లోటును తోడుగా పంపిన సిఫారసు పత్రము తీర్చెను. ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన ఆ పత్రమున, ఈతడు లెక్కలు వేయుటలో మిక్కిలి చురుకైనవాడని యుండెను. తలిదండ్రులకొక మాట: సిఫారసు పత్రమునకై పలుకుబడి గలవారి గుమ్మములు త్రొక్కుట కంటె, పిల్లల పనిని కండ్లార జూచిన అధ్యాపకునిచేత నాలుగు పంక్తులు వ్రాయించుట మేలు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. చింతామణి మార్కెటులో ఒక టమాటా మండీకి లెక్కల గుమాస్తా కావలెనని ప్రకటన వచ్చినదనుకొనుడు. లేఖ ఇట్లుండవచ్చును:

"తమ మండీలో లెక్కల గుమాస్తా పనికి ఈ అర్జీ పంపుకొనుచున్నాను. తెలుగు మాధ్యమమున ఎస్.ఎస్.ఎల్.సి.యు, పిమ్మట వాణిజ్యశాస్త్రముతో పి.యు.సి.యు ముగించితిని. ఏడాదిగా మా యూరి పాల డైరీలో ఉదయపు లెక్కపుస్తకము వ్రాయుచున్నాను. తెలుగు, కన్నడము రెండును మాటాడగలను, చదువగలను, వ్రాయగలను. ఇంగ్లీషు చదివి గ్రహింపగలను. మాటాడు అలవాటు తక్కువ. పిలిచిన దినమున వచ్చి మాదిరి లెక్క వ్రాసి చూపుదును."

ఇందులో భాషలను గూర్చిన వాక్యములను మరల చదువుడు. "మూడు భాషలు తెలియును" అనుటలో ఏమియు తెలియదు. మాటాడుట, చదువుట, వ్రాయుట వేర్వేరు శక్తులు. కొందరు తెలుగు మాధ్యమమును దాచిపెట్టుదురు. దాచుట యెందుకు? బాగేపల్లి తాలూకా పల్లెలనుండి ఆసుపత్రికి వచ్చు ముసలమ్మ తన నొప్పిని తెలుగులోనే చెప్పును. సరిహద్దు దాటి వచ్చు వర్తకుడు తెలుగులోనే బేరమాడును. ఆ మాట వినగలవారు కావలసిన చోట తెలుగు ఒక యోగ్యతయే యగును. అయితే కన్నడము రాకున్నను వచ్చునని వ్రాయుట కూడదు. ఎదుట గూర్చుండబెట్టి ఒక్క పంక్తి చదివించినచో గుట్టు బయటపడును.

లేఖను ఏ భాషలో వ్రాయవలెను? ప్రకటన ఏ భాషలో నున్నదో ఆ భాషలో. 1963 నాటి అధికార భాషా చట్టము ప్రకారము ఈ రాష్ట్రపు అధికార భాష కన్నడము. కావున ప్రభుత్వ కార్యాలయములకు కన్నడముననే వ్రాయుట తగును. రాజ్యాంగపు 350వ అధికరణమును బట్టి ఏ భాషలోనైన అర్జీ ఈయవచ్చునని కొందరు పెద్దలందురు. అది కష్టనివారణకై చేయు మనవులను గూర్చినది. ఉద్యోగపు అర్జీ వేఱు.

కన్నడమున వ్రాయునపుడు మనవారు జారిపడు తావులు రెండు చెప్పెదను. తెలుగున "అక్క వచ్చింది", "బస్సు వచ్చింది" అని రెంటికిని ఒకే క్రియ చెల్లును. కన్నడమున చెల్లదు: బస్సు "బంతు", అక్క "బందళు", గౌరవింపదగిన అధ్యాపకురాలు "బందరు". మీకు పాఠము చెప్పిన అమ్మగారిని లేఖలో బస్సుతో సమానము చేయకుడు! రెండవది "అవసర" అను మాట. మనకు అది కావలసినది, కన్నడమున తొందర. "ఈ కెలస ననగె బహళ అవసర" అని వ్రాసినచో చదువువాడు నవ్వుకొనును. ఆ యర్థమునకు కన్నడమున "అగత్య" అనవలెను. అసలు పైన జెప్పినట్లు ఆ వాక్యమే లేఖకు అక్కఱలేదు. కన్నడ లేఖకు "మాన్యరే" యని మొదలును, "ఇంతి తమ్మ విశ్వాసి" యని ముగింపును వాడుకలో నున్నవి.

ఈ-మెయిలున బంపునపుడు లేఖను వేఱు కాగితముగ జతచేయక, నేరుగ సందేశముననే వ్రాయుడు; పట్టికను మాత్రము జతచేయుడు. ఏ పనికి అర్జీయో విషయపు పంక్తిలో తెలుపుడు. పంపుటకు ముందు ఒకసారి బిగ్గరగా చదువుడు. నోట తట్టుకొన్న వాక్యమును విఱిచి రెండు చేయుడు. తేదీతో ఒక ప్రతి దాచుకొనుడు. ఇంటర్వ్యూలో ప్రశ్నలు తఱచుగ ఆ లేఖనుండియే వచ్చును. పాల డైరీ లెక్క ఎట్లు వ్రాసితివని అడిగినచో ఆ పుస్తకమునే తీసికొనిపోయి చూపవచ్చును.