తాతయ్య ఫియట్‌కి విలువ కట్టడం ఎలా?

"కథలూ కవితలూ చాలా వస్తున్నాయి, నీకు బాగా తెలిసిన విషయం మీద ఒక వ్యాసం రాయి" అని మన క్లబ్ సీనియర్ అక్క అడిగింది. నాకు బాగా తెలిసిన విషయం ఏంటా అని ఆలోచిస్తే, నేను చేసిన ఒక తప్పే గుర్తొచ్చింది. ఆ తప్పు వల్ల పాత కార్ల ఇన్సూరెన్స్ గురించి చాలా నేర్చుకున్నా. మీలో చాలామంది ఇళ్లల్లో తాతల నాటి అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో, కనీసం ఒక పాత జావా బండో ఉండే ఉంటుంది. వాటి కోసమే ఈ పాఠం. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, భాషలో తప్పులుంటే సర్దుకోండి.

అసలేం జరిగిందంటే

మా తాతయ్య దగ్గర 1971 మోడల్ ఫియట్ 1100 ఉంది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేర్ లివర్, మూడక్షరాల పాత నంబర్ ప్లేటు. ఆదివారం పొద్దున్నే దాన్ని తుడవడం తాతయ్యకి పూజ లాంటిది.

ప్రతి ఏడాదీ ఒక ఏజెంటు గారు ఇంటికొచ్చి పాలసీ రెన్యూ చేసేవారు. నిరుడు ఆయన ఊళ్లో లేరు. "కంప్యూటర్ చదువుతున్నావు కదరా, నువ్వే చెయ్యి" అన్నారు తాతయ్య. నేను ఫోన్‌లో వివరాలన్నీ కొట్టా. ఒకచోట "ఐడీవీ" అని ఒక స్లైడర్ వచ్చింది. ఎడమ వైపుకి జరిపితే ప్రీమియం తగ్గుతోంది. అంతకుముందు పాలసీలో 1,50,000 ఉన్నదాన్ని నేను 40,000కి లాగేశా. రెండువేల చిల్లర మిగిలింది. ఇంట్లో అందరి ముందూ గొప్పగా చెప్పుకున్నా కూడా.

మే నెలలో గాలివానకి పక్కింటి వేపచెట్టు కొమ్మ విరిగి కారు మీద పడింది. టాప్ లోపలికి దిగిపోయింది, ముందు అద్దం పగిలింది, బానెట్ వంగింది. షెడ్డులో ఎస్టిమేట్ 62,000 అన్నారు. సర్వేయర్ గారు వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, "దీన్ని రిపేరు కింద చూడం బాబూ, టోటల్ లాస్ కింద వస్తుంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. కారు ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతోంది కదా!

ధర, విలువ, ఐడీవీ: మూడూ వేరు వేరు

ధర అంటే ఎవరో ఒకరు ఇవ్వడానికి సిద్ధపడే డబ్బు. విలువ అంటే ఆ వస్తువు పోతే, అలాంటిదే మళ్లీ తెచ్చుకోవడానికి మనకయ్యే ఖర్చు. పాత కార్ల విషయంలో ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కాదు. మూడోది ఐడీవీ. అంటే ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ, కారు మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం.

కొత్త కార్లకి ఐడీవీ లెక్క సులువు. కంపెనీ అమ్మకం ధరలోంచి వయసుని బట్టి తరుగుదల తీసేస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. ఇక్కడితో పట్టిక అయిపోతుంది.

మరి ఐదేళ్లు దాటితే? తయారీ ఆగిపోయిన మోడల్ అయితే? అప్పుడు కంపెనీ, మనం కలిసి మాట్లాడుకుని ఒక మొత్తానికి ఒప్పుకోవాలి. నిబంధన అదే. అంటే తాతయ్య కారు ఐడీవీ ఇంత అని ఏ పట్టికా చెప్పదు, దాన్ని మనమే చెప్పుకోవాలి. నేను మాట్లాడాల్సిన చోట స్లైడర్ లాగి ఊరుకున్నా. మన భాషలో చెప్పాలంటే, యూజర్ ఇన్‌పుట్ ఇవ్వాల్సిన చోట పనికిరాని వాల్యూ కొట్టి ఎంటర్ నొక్కేశా.

40,000 ఎలా కొంప ముంచింది

చాలామందికి తెలియని సంగతి ఇది. రిపేరు ఖర్చు (పాలసీ షరతుల ప్రకారం కోతలు పోగా) ఐడీవీలో 75 శాతం దాటితే, ఆ కారుని "కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్" అంటారు. బండి నడుస్తున్నా సరే, లెక్కల్లో మాత్రం పోయినట్టే.

మా ఎస్టిమేట్ ఇలా ఉంది:

- టింకరింగ్ కూలి: 28,000
- ఇనుప భాగాలు: 22,000
- ముందు అద్దం: 4,000
- పెయింటింగ్: 8,000

పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు. కాబట్టి 22,000లో 11,000 పోయింది. అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీస్తారు, అంటే 1,000 పోయింది. కూలికి కోత లేదు. అన్నీ కలిపితే 50,000.

నేను పెట్టిన ఐడీవీ 40,000. అందులో 75 శాతం 30,000. రిపేరు దాన్ని దాటేసింది కాబట్టి టోటల్ లాస్. ఇప్పుడు రెండే దార్లు. ఒకటి, కారు వాళ్లకి ఇచ్చేసి, తప్పనిసరి కోత 1,000 పోగా 39,000 తీసుకోవడం. రెండు, కారు మనమే ఉంచుకుని, దాని తుక్కు విలువని కూడా తగ్గించుకోవడం. తుక్కు విలువ 15,000గా కట్టారు. అంటే మనకొచ్చేది 24,000.

తాతయ్య కారు ఇచ్చే రకం కాదు. 24,000 తీసుకున్నాం. రిపేరుకి 62,000 అయింది. జేబులోంచి 38,000.

అదే పాత ఐడీవీ 1,50,000 ఉంచి ఉంటే? 75 శాతం అంటే 1,12,500. మా 50,000 దాని దరిదాపుల్లో కూడా లేదు. మామూలు రిపేరు కింద 49,000 వచ్చేది, మాకు పడేది 13,000. నేను మిగిల్చింది రెండువేల చిల్లర, పోగొట్టింది 25,000. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

అసలు విలువ ఎలా కట్టాలి?

ఈ సంఘటన తర్వాత తాతయ్య, నేను, షెడ్డు మేస్త్రీ గారు కలిసి కారుకి సరిగ్గా విలువ కట్టాం. ఆ పద్ధతి ఇదీ.

*మొదటిది, కాగితాలు.* ఆర్సీ మీదున్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఇంజిన్ మార్చి ఉంటే అది ఆర్సీలో ఎక్కిందో లేదో చూడాలి. సొంత కార్లకి పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. అది లేకపోతే కారు ఎంత ముద్దుగా ఉన్నా విలువ సగం పోయినట్టే.

*రెండోది, బాడీ.* పాత కార్లకి పెద్ద జబ్బు తుప్పు. డోర్ల అడుగు భాగం, ఫ్లోర్, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట చూడాలి. మేస్త్రీ గారు ఒక చిన్న కిటుకు చెప్పారు. పల్చటి గుడ్డలో అయస్కాంతం చుట్టి బాడీ మీద జరపాలి. ఎక్కడ పట్టుకోదో అక్కడ రంగు కింద ఇనుము బదులు పుట్టీ మందంగా ఉన్నట్టు.

*మూడోది, ఒరిజినాలిటీ.* కొత్తగా మెరవడం వేరు, అసలుది కావడం వేరు. మీటర్లు, లైట్లు, స్టీరింగ్, సీట్లు ఫ్యాక్టరీవేనా? ఏసీ పెట్టించి, అల్లాయ్ చక్రాలు వేయించి, డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తే వాడటానికి బాగుంటుందేమో గానీ, సేకరించేవాళ్ల దృష్టిలో విలువ పడిపోతుంది.

*నాలుగోది, గ్రేడు.* అమెరికాలో పాత కార్ల ఇన్సూరెన్స్ చేసే హ్యాగర్టీ సంస్థ కార్లని 1 నుంచి 4 వరకు గ్రేడులు వేస్తుంది. 1 అంటే పోటీలో బహుమతి కొట్టే స్థాయి, 4 అంటే నడుస్తుంది గానీ లోపాలు కనిపిస్తాయి. మన కారుని మనమే ముద్దు చేసుకోకుండా గ్రేడు వేసుకోవాలి. తాతయ్య 1 అన్నారు. మేస్త్రీ గారు 4 అన్నారు. చివరికి 3 దగ్గర ఇద్దరూ కాంప్రమైజ్ అయ్యారు.

*ఐదోది, పోలిక.* అదే మోడల్, అదే గ్రేడు కార్లు ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కోవాలి. ప్రకటనలో అడిగే ధర వేరు, చేతులు మారిన ధర వేరు. ఆ రెండో అంకె కోసం షెడ్డుల్లో, పాత కార్ల క్లబ్బుల్లో అడగాలి.

*ఆరోది, రిపోర్టు.* ఇవన్నీ చూసి లైసెన్సున్న సర్వేయర్ లేదా వాల్యుయర్ దగ్గర రాతపూర్వకంగా వాల్యుయేషన్ రిపోర్టు తీసుకోవాలి. దానికి నాలుగు వైపులా ఫోటోలు, లోపలి ఫోటోలు, రిపేరు బిల్లులు జత చేయాలి. మాట్లాడుకుని ఒప్పుకోవాలి అన్నప్పుడు మన చేతిలో ఉండే ఆయుధం ఇదే.

"వింటేజ్" అన్న మాటతో జాగ్రత్త

ఈ మాటకి రెండు చోట్ల రెండు అర్థాలున్నాయి. 2021లో కేంద్రం తెచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనల్లో, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న టూవీలర్లు, ఫోర్‌వీలర్లు వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన బండ్లు పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఒక షరతు ఉంది. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి, రోజూ కూరగాయలకి వెళ్లడానికి కాదు.

మోటార్ ఇన్సూరెన్స్ టారిఫ్‌లో మాత్రం వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫై చేసిన కారు. "అగ్రీడ్ వాల్యూ" పాలసీ, అంటే ముందే ఒప్పుకున్న మొత్తాన్ని తరుగు లేకుండా ఇచ్చే పాలసీ, ఆ టారిఫ్ వీటికి మాత్రమే అనుమతించింది. కాబట్టి 1971 ఫియట్ ఆర్టీవో ఆఫీసులో వింటేజ్ కావచ్చు, ఆ టారిఫ్ లెక్కలో కాదు. మనలాంటివాళ్లకి దారి ఒక్కటే: రిపోర్టు చూపించి సరైన ఐడీవీ రాయించుకోవడం.

సంతకం పెట్టే ముందు

- పాలసీ "థర్డ్ పార్టీ" మాత్రమేనా, ప్యాకేజీయా? చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీనే. దానివల్ల మన కారుకి పైసా రాదు.
- ఐడీవీ ఎంతో అంకె చదవండి. అందులో 75 శాతం ఎంతో లెక్కేసి, ఒక మోస్తరు ప్రమాదానికి అయ్యే రిపేరుతో పోల్చండి.
- అలాగని ఆకాశానికి పెంచకండి. ఇన్సూరెన్స్ నష్టం పూడ్చడానికే, లాభం ఇవ్వడానికి కాదు. రుజువు లేని అంకె క్లెయిమ్ రోజున గొడవే తెస్తుంది.
- కంపెనీతో మాటలన్నీ మెయిల్‌లో ఉంచండి.
- ఏడాదికోసారి ఫోటోలు, రెండు మూడేళ్లకోసారి రిపోర్టు కొత్తవి చేయించండి.

ఈ ఏడాది రెన్యువల్‌కి స్లైడర్ ముట్టుకోలేదు. రిపోర్టు పట్టుకుని తాతయ్యతో కలిసి బ్రాంచి ఆఫీసుకే వెళ్లా. అరగంట మాట్లాడాక 1,80,000కి ఒప్పుకున్నారు.

వస్తుంటే కారులో అడిగా, "తాతయ్యా, ఆ 38,000 నావల్లే కదా పోయింది, ఒక్క మాట కూడా అనలేదేంటి?" అని. తాతయ్య గేర్ మారుస్తూ, "నాకూ తెలీదు కదరా ఆ లెక్క. ముప్పై ఏళ్లుగా ఏజెంటు చూపించిన చోట సంతకం పెట్టా. ఇప్పుడు మనిద్దరికీ తెలిసింది" అన్నారు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఈ వీకెండ్ వెళ్లినప్పుడు పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. ఐడీవీ దగ్గర ఎంతుందో చదవండి. ఆ తర్వాత బండి యజమానిని కూడా అడగండి, "ఇది పోతే ఎంతిస్తే సరిపోతుంది?" అని. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, పని మొదలుపెట్టండి.